ఎడమచేతి డ్రమ్మరు కోసం వరంగల్లు దాకా

మా బాపట్ల నుంచి తీర్థయాత్రలకు వెళ్ళినవాళ్ళున్నారు, పెద్దాసుపత్రులకు వెళ్ళినవాళ్ళున్నారు, పెళ్ళిచూపులకు వెళ్ళి భోజనం ఒక్కటే బాగుందని తిరిగొచ్చినవాళ్ళున్నారు. డ్రమ్ములు వాయించే మనిషిని చూడటానికి నడి మే నెలలో వరంగల్లు వెళ్ళినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. వెళ్ళనివాళ్ళ ఉపయోగం కోసం ఇది రాస్తున్నాను.

నాది సైకిలు షాపు. బడి ఎనిమిదో తరగతి దగ్గర ఆగింది కానీ చదవడం ఆగలేదు. మా శాఖా గ్రంథాలయంలోని పదకొండు బీరువాల్లో తొమ్మిది పూర్తి చేశాను. పదోదాని తాళంచెవి పోయింది, పదకొండోది జ్యోతిషం.

ఆ ఏడు ఉగాది వెళ్ళాక, మిరపకాయల కొనుగోలుకు వరంగల్లు ఎనుమాముల మార్కెట్టు దాకా వెళ్ళొచ్చే మా వీధి బసవయ్య ఒక క్యాసెట్టు తెచ్చాడు. ఎవరో లారీ డ్రైవరు దగ్గర కాపీ చేయించుకున్నాడట. దాని మీద ‘ఎండలు - కొత్తవాడ సదానందం’ అని పెన్నుతో రాసి ఉంది. ఐదు పాటలు. ఏ పాటా మూడు నిమిషాలు దాటదు. గిటారు దడదడలాడుతుంది, దాని మీద బాణీ మాత్రం బెల్లప్పాకంలా సాగుతుంది. గ్రంథాలయంలో పాత ఇంగ్లీషు పత్రికల కట్టల్లో ఇలాంటి సంగీతం గురించి చదివి ఉన్నాను. దీన్ని పవర్ పాప్ అంటారు. బాపట్లలో ఆ మాట తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి అందరికీ చెప్పే బాధ్యత కూడా నామీదే పడింది.

పాటలన్నీ ఎండాకాలం గురించే. వీధి కుళాయి, కూలరు, ముంజలు, మిరపకాయల మార్కెట్టు, జేబులో ఉల్లిగడ్డ. సాయంత్రాలు గ్రంథాలయం అరుగు మీద వాటికి అర్థాలు చెప్పాను. కుళాయి అంటే దైవకృప, ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చినప్పుడు పాత్ర ఖాళీగా ఉండాలి. ఉల్లిగడ్డ అంటే ఆత్మ, పొరలు తీస్తూ పోతే చివరికి శూన్యం. మార్కెట్టు పాటలో వినిపించే తుమ్ము శ్రామికుడి నిట్టూర్పు. రిటైరైన లెక్కల మాస్టారు విశ్వనాథంగారు మాత్రం, “ఉల్లిపాయంటే ఉల్లిపాయేనేమోనయ్యా,” అనేవారు. లెక్కలు చెప్పుకున్నవారికి ప్రతీకలేం తెలుస్తాయి?

అన్నిటికంటే నన్ను పట్టుకున్నవి ఆ డ్రమ్ములు. ఒక దెబ్బ సూటిగా పడుతుంది. రెండోది రవ్వంత ఆలస్యంగా, కాలు ఈడ్చినట్టు పడుతుంది. ఆ ఈడుపులోనే పాటకు ప్రాణముంది. “ఇతను ఎడమచేతి వాటం. మద్రాసు స్టూడియోల్లో పనిచేసి, ఎవరితోనో పడక వచ్చేసినవాడు,” అని తేల్చాను. “పేరేమిటి?” అన్నారు మాస్టారు. “కనుక్కొస్తాను, సంతకంతో సహా,” అన్నాను. అరుగు మీద అప్పుడు ఆరుగురున్నారు. ఆరుగురి ముందు అన్నాక వెళ్ళక తప్పదు.

డోర్నకల్

మా ప్యాసింజరు డోర్నకల్ జంక్షన్లో, ఎందుకో ఎవరికీ చెప్పకుండా గంటన్నర ఆగింది. మా ఊళ్ళో ఎండ ముదిరేసరికి సముద్రం మీంచి గాలి తిరుగుతుంది. ఇక్కడ గాలి పొయ్యిలోంచి తిరిగింది. ప్లాట్‌ఫారం మీద చలివేంద్రంలో రంజన్లు పెట్టి, పొడుగు కాడ ఉన్న గరిటెతో దోసిట్లో నీళ్ళు పోస్తున్నారు. రంజనంటే పెద్ద మట్టికుండ. డబ్బు తీసుకోరు. పక్కనే చాయ్‌కి అర్ధరూపాయి తీసుకుంటారు, దాంట్లోనూ నీళ్ళే ఎక్కువ.

నా ఎదురు సీట్లో రైల్వే గ్యాంగులో పనిచేసే యాకయ్య అనే ఆయన కూర్చున్నాడు.

“ఏడికి సారూ?”

“వరంగల్లండి.”

“పెండ్లా?”

“కాదండి, సంగీతం.”

యాకయ్య నన్ను కాసేపు జాలిగా చూశాడు. “గీ ఎండలల్ల సంగీతమా! ఉల్లిగడ్డ ఏస్కున్నవా జేబుల?”

“దేనికండి?”

“దేనికేంది? వడదెబ్బ తాకకుండ. ఇగో, పట్టు.” తన చొక్కా జేబులోంచి ఒకటి తీసి నా జేబులో వేశాడు. ఆయన రెండో జేబులో ఇంకొకటుంది.

నేను చెయ్యి పెట్టి ఆత్మను తడిమి చూసుకున్నాను. గుండ్రంగా, కాస్త మెత్తబడి, ఒక పక్క మొలకెత్తి ఉంది. అయినా వెంటనే ఓడిపోవడం ఇష్టంలేక, జేబులో ఉల్లిగడ్డ ఒంటి వేడిని లాగుతుందని ఏ శాస్త్రగ్రంథంలోనూ లేదని వివరంగా చెప్పాను.

“గా పుస్తకం రాసినాయన మే నెలల డోర్నకల్ వచ్చిండా?” అన్నాడు యాకయ్య.

వచ్చిన దాఖలా లేదని ఒప్పుకున్నాను.

వరంగల్ స్టేషను బయట

దిగేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. ఊళ్ళో మనుషులున్నారని తెలుస్తోంది కానీ కనబడటం లేదు. ఒక ఆటో అబ్బాయి సీటు మీద తడిగుడ్డ కప్పుకుని పడుకున్నాడు.

“కొత్తవాడ. సంగీత దర్శకులు సదానందంగారి ఇల్లు,” అన్నాను.

“సదానందాలు శానమంది. ఏం పని చేస్తడు?”

“పవర్ పాప్.”

“మా కాడ పవరే సక్కగుండది సారూ. కూసోండ్రి.”

ఐదు రూపాయలు తీసుకుని నన్నొక సదానందం దగ్గర దింపి వెళ్ళిపోయాడు. ఆ సదానందం దర్జీ. నన్ను చూడగానే కుర్చీ వేశాడు, చెంబుతో నీళ్ళిచ్చాడు, నా కొలతలు తీసుకోవడం మొదలుపెట్టాడు. ఛాతీ, భుజాలు అయిపోయాక గాని సంగతి చెప్పే సందు దొరకలేదు. “ఓ, పాటల సదానందమా! సాంచెల కొమురయ్య అల్లుడు. గీ గల్లీల నుంచి సీదా పో. చెవులల్ల జర దూది పెట్టుకో,” అన్నాడు. పోయేముందు నా జేబులోని ఉల్లిగడ్డ నొక్కి చూసి, ఇది పాతదయిందని కొత్తది వేశాడు. పాతది తియ్యలేదు.

కొత్తవాడ

మరమగ్గాన్ని ఇక్కడ సాంచె అంటారు. గల్లీలో ప్రతి ఇంట్లోంచీ ధడ్ ధడ్ మంటూ అదే మోత. అల్లుడంటే ఇక్కడ మేనల్లుడు కూడా, ఆ సంగతి నాకు సదానందం చెప్పాక తెలిసింది. అతను ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదేళ్ళవాడు, బనీనుతో కూర్చుని నూలు కండెలు చుడుతున్నాడు. మేనమామ కొమురయ్యకు రెండు సాంచెలున్నాయి. ఇతను వాటి మీద పనిచేస్తాడు.

“బాపట్లకెళ్లి వచ్చినవా? నా పాటల కోసమా?” మూడుసార్లు అడిగాడు. తర్వాత లోపలికి తిరిగి అరిచాడు. “అత్తా! సముద్రం కాడికెళ్లి మనిషొచ్చిండు!”

అతని అత్త లచ్చవ్వ మమ్మల్ని కూర్చోబెట్టి జొన్నరొట్టె, పచ్చిపులుసు, మామిడికాయ తొక్కు పెట్టింది. పచ్చిపులుసంటే చింతపండు కాచకుండా, పచ్చిగానే పిసికి, ఉల్లిపాయ ముక్కలు వేసే చారు. మా వైపు చారు కాయకుండా వడ్డిస్తే వంటావిడకు ఒంట్లో బాగాలేదనుకుంటాం. ఇక్కడ అది మర్యాద, ఆ ఎండకి అమృతం కూడా.

“మీ దిక్కు ఎండకాలం ఏం తింటరయ్యా?”

“మజ్జిగ తాగుతామండి.”

“తాగుడు సరే. తినేది?”

తిన్నాక అసలు విషయానికొచ్చాను. “మీ బృందంలో ఎంతమందండి?”

“బృందమేంది? నేనే.”

ఇంజనీరింగు కాలేజీ హాస్టలు ఖాళీ చేస్తూ ఒక విద్యార్థి అమ్మేసి పోయిన గిటారు, ఒక బుల్‌బుల్ తార, రెండు టేపురికార్డర్లు చూపించాడు. మొదటి దాంట్లో తాళం రికార్డు చేస్తాడు. దాన్ని మోగిస్తూ, పక్కన గిటారు కొడుతూ, రెండో దాంట్లోకి ఎక్కిస్తాడు. మళ్ళీ దాన్ని మోగిస్తూ పాడతాడు. మళ్ళీ దాన్ని మోగిస్తూ తనకు తనే వంత పాడతాడు. క్యాసెట్టులో నలుగురున్నట్టు వినిపించేదంతా ఈ బనీనులో ఉన్న ఒక్కడే.

“మరి డ్రమ్మరో?” అన్నాను, సంతకానికి తెచ్చిన పుస్తకం తీస్తూ.

“గాయన వెనక అర్రల ఉన్నడు. రా.”

వెనక గదిలో రెండు సాంచెలున్నాయి. గోడ పక్కనున్న రెండోదాన్ని చూపించాడు. నూలు కండెను మోసుకుని అటూ ఇటూ పరిగెత్తే నాడె కుడినుంచి ఎడమకు వెళ్ళినప్పుడు దెబ్బ సూటిగా పడుతోంది. ఎడమనుంచి కుడికి వచ్చినప్పుడు రవ్వంత ఆలస్యంగా, కాలు ఈడ్చినట్టు. మద్రాసు స్టూడియోలతో దానికి ఏ గొడవా లేదు. ఎడమచేతి వాటమన్న మాట ఒక్కటే నిజం.

పుస్తకం సంచిలో పెట్టేసుకున్నాను.

“మొదటి సాంచె గడియారం లెక్క కొడుతది. దాంతోని పాట రాదు, నిద్రొస్తది. ఇది చూడు, నడుస్తాంటెనే ఎగురబుద్ధయితది,” అన్నాడు సదానందం.

తొమ్మిది పాటలు పూర్తయ్యాయి. పదోది మిగిలింది. హనుమకొండ చౌరస్తాలో క్యాసెట్ల దుకాణం నడిపే శంకరయ్య, పది పాటలుంటేనే క్యాసెట్టు వేస్తాననీ, అదీ మృగశిర కార్తె లోపలే తేవాలనీ చెప్పాడట. వానలు పడ్డాక ఎండ పాటలు ఎవరు కొంటారని ఆయన వాదన. ఇంకో మూడు వారాల గడువుంది.

“పదోది వాన పాటన్నా. ఎండల క్యాసెట్టు ఎండతోనే అయిపోతే వినేటోడు సావడా? ఆఖరుకన్న చినుకు పడాలె. పాట రాసుకున్న. తాళం ఒక్కటి ఎక్కియ్యాలె.”

పాత తాళాలు వాడుకోవచ్చు కదా అని అడిగాను. ఖాళీ క్యాసెట్టు ఇరవై రూపాయలు. అందుకని ఒక పాట పూర్తవగానే ఆ తాళం చెరిపేసి, దానిమీదే కొత్తది ఎక్కిస్తాడట. పాటల్లో తాళం ఉంది గానీ విడిగా తాళం ఎక్కడా లేదు.

ఎనుమాముల

మర్నాడు పొద్దున్నే సైకిలు వెనక కూర్చోబెట్టుకుని మార్కెట్టు చూపించడానికి తీసుకెళ్ళాడు. కనుచూపు మేరా మిరపకాయల రాశులు, వాటి మధ్య ముక్కుకు గుడ్డలు కట్టుకున్న మనుషులు. అక్కడ బస్తాలు మోసే ఒక హమాలీతో, నాలుగో పాటలో ఆ తుమ్ము మీ కష్టజీవుల నిట్టూర్పు కదా అన్నాను.

“ఏం నిట్టూర్పు సారూ! మిరపకాయ!” అన్నాడాయన.

అది ఎంత నిజమో వివరించడానికి ఆయనకు శ్రమ ఇవ్వలేదు. వరసగా పదకొండుసార్లు తుమ్మాను. జేబులోంచి రెండు ఉల్లిగడ్డలూ ఎగిరి రాశిలో పడ్డాయి. ఆ హమాలీ వెతికి తెచ్చి మళ్ళీ వేశాడు, పైన తనదొకటి కలిపి.

“ఏడోది మంచి శ్రుతిల తుమ్మినవన్నా. మిషిన్ తేకపోతిని!” అని సదానందం తెగ బాధపడ్డాడు.

నల్లా వచ్చింది

ఆ మధ్యాహ్నం జరిగింది నేను చెప్పకపోయినా ఎవరో ఒకరు చెబుతారు, కాబట్టి నేనే చెబుతాను.

మొదటి సాంచె ఆపేసి, రెండోది ఒక్కటే నడుస్తుండగా, సదానందం దాని ముందు స్టూలు వేసి టేపురికార్డరు పెట్టాడు. బ్యాటరీలు కొత్తవి. ఎర్ర బటను నొక్కి, మమ్మల్ని చూసి పెదవుల మీద వేలు పెట్టాడు. అర నిమిషం గడిచింది. అప్పుడు గల్లీ ఆ చివరినుంచి ఈ చివరికి ఒక కేక పాకింది.

“నల్లా వచ్చింది!”

నల్లా అంటే కుళాయి. రెండురోజులకొకసారి వస్తుంది, అరగంట ఉంటుంది. లచ్చవ్వ నాలుగు బిందెలు అందుకుంది, సదానందం నాలుగు అందుకున్నాడు. పోతూ పోతూ నా చెవిలో అన్నాడు: “అన్నా, మిషిన్ నడవనీ. ఎవ్వరు మాట్లాడకుండ జర చూడు.”

నేను గుమ్మం దగ్గర నిలబడి కాపలా కాశాను. ఒక కోడి వచ్చింది, తరిమాను. పక్కింటావిడ తొంగి చూసింది, సైగ చేసి పంపించేశాను. ఆ తర్వాత కొమురయ్య వచ్చాడు. బజారు నుంచి వాపసొచ్చిన బట్ట తానును చంకలో పెట్టుకుని ఉన్నాడు.

“సారూ, మీరు చదువుకున్నోళ్లట గద. గీ సాంచె మీది బట్ట అంచు వంకర వస్తాందని సేటు వాపస్ ఇచ్చిండు. గిది మూడోసారి. దీని రోగమేంది?”

చదువుకున్నోళ్ళన్నాడు. మా ఊళ్ళో తొమ్మిది బీరువాలు చదివినా ఆ మాట నన్నెవరూ అనలేదు. ఆరో బీరువాలో యంత్రాల మీద పుస్తకాలున్నాయి, అన్నీ చదివాను. పైగా సాంచె నడిచే గదిలో మాట వినపడాలంటే అరవాలి. ఆయన్ని సాంచె దగ్గరికి తీసుకెళ్ళి మరీ అరిచాను. టేపురికార్డరు నా మోచేతి పక్కనే ఉంది.

“ఎడమవైపండీ! ఎడమవైపు! నాడెను కొట్టే కర్రకు కట్టిన తోలుపట్టీ సాగిపోయింది! అందుకే అది ఆలస్యంగా వస్తోంది!”

“ఎడమ దిక్కా?”

“ఎడమవైపే! పూర్వం ఇంగ్లండులో...” అని మొదలుపెట్టి, నాడె చరిత్ర మొత్తం చెప్పాను.

కొమురయ్య సాంచె ఆపాడు. మేకుకు కొత్త తోలుపట్టీ ఎప్పటినుంచో వేలాడుతోంది. సాంచెలు బాగుచేసే జాబరు రెండు మూడు నెలలుగా రావడం లేదట. ఇరవయ్యేళ్ళు సైకిళ్ళు విప్పిన చేతులు నావి, ఊరుకోలేకపోయాయి. ఐదు నిమిషాల్లో పాతది తీసి కొత్తది బిగించాను. “ఇగ ఏస్తాన,” అని కొమురయ్య మళ్ళీ నడిపించాడు. రెండో సాంచె టక టక టక మని, వెంట్రుకవాసి తేడా లేకుండా, గడియారంలా కొట్టింది.

సదానందం రెండు చేతుల్లో రెండు బిందెలతో గుమ్మంలో నిలబడ్డాడు. నీళ్ళు తొణికి కాళ్ళ మీద పడుతున్నాయి, అతను చూసుకోవడం లేదు.

“మామా... సాంచెకు ఏమైంది?”

“బాగైంది బిడ్డా! సారు చేసిండు!” కొమురయ్య నా భుజం మీద చరిచాడు. “ఏం చదువు, ఏం చదువు!”

ఆ పూట నాకు సర్వపిండి చేసిపెట్టారు. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు కలిపి గిన్నె లోపలి వైపే తట్టి కాల్చే రొట్టె అది, బాపట్లలో దొరకదు. కొమురయ్య దగ్గర కూర్చుని తినిపించినంత పనిచేశాడు. ఎదురుగా సదానందం ఒక్క ముక్క కూడా తినకుండా కూర్చున్నాడు. నేను మాత్రం నాలుగు తిన్నాను.

మామ లేచి వెళ్ళాక సదానందం అన్నాడు. “జాబరు మూడుసార్లు వచ్చిండన్నా. మూడుసార్లు నేనే గల్లీ మూలమీద చాయ్ తాపిచ్చి వాపస్ తోలిన. మామకు తెల్వది.”

“పాత పట్టీ మళ్ళీ కట్టేద్దామా?”

“మామ బట్ట మల్ల వాపస్ వస్తది. ఇప్పుడెట్ల కడుత?”

అదీకాక, పాత పట్టీని లచ్చవ్వ అప్పటికే కోసి పెరట్లో మేకకు మెడపట్టీ చేసింది. నేను బాపట్ల నుంచి వెతుక్కుంటూ వచ్చిన డ్రమ్మరు మేక మెడలో వేలాడుతున్నాడు.

హనుమకొండ చౌరస్తా

మర్నాడు, పదో పాట ఉండదని చెప్పడానికి సదానందం శంకరయ్య దుకాణానికి బయల్దేరాడు. నేను రానన్నాను. “నువ్వే చెప్పు, నేను చెప్తె నమ్మడు,” అని లాక్కెళ్ళాడు. శంకరయ్య దుకాణంలో కూలరు ఉంది, దాని ముందు కుర్చీ ఉంది, అందులో శంకరయ్యే ఉంటాడు.

“ఏదీ, ఏం ఖరాబైందో విననీ,” అని క్యాసెట్టు పెట్టాడు.

ముందు కుంటి సాంచె, అద్భుతంగా నడిచింది. తర్వాత నేను. ‘ఎడమవైపండీ! ఎడమవైపు!’ నా గొంతు అలా ఉంటుందని నాకు ఏ బీరువా చెప్పలేదు. దుకాణంలో రేడియో కొనడానికొచ్చిన ముసలాయన నవ్వాడు. శంకరయ్య కుర్చీలోంచి జారేంత నవ్వాడు. “గీ ముచ్చట చెప్పేటాయన ఎవరు సదానందం? పంతులా?” ముచ్చటంటే ఇక్కడ కబురు. ‘పూర్వం ఇంగ్లండులో’ దగ్గర కళ్ళు తుడుచుకున్నాడు. నేను కూలరుకు గడ్డి ఎలా కట్టారో పరిశీలించాను.

తర్వాత టేపులో సాంచె ఆగింది. కాసేపు పానా చప్పుళ్ళు, దూరంగా గల్లీలో బిందెల మోత. ‘ఇగ ఏస్తాన.’ వెంటనే టక టక టక టక.

తలవంచుకుని కూర్చున్న సదానందం తలెత్తాడు.

“అన్నా, జర వెనుకకు తిప్పు.”

శంకరయ్య తిప్పాడు. ఆగిన చోటినుంచి మళ్ళీ మోగింది. మళ్ళీ తిప్పమన్నాడు. నాలుగుసార్లు విన్నాడు. బయటికొచ్చాక స్టేషను దాకా సైకిలు హ్యాండిలు మీద వేళ్ళతో టక టక మని తాళం వేస్తూనే ఉన్నాడు. నేను రైలెక్కేటప్పుడు, “నువ్వు ఫికర్ చెయ్యకన్నా,” అని నా జేబు తడిమి, నాలుగో ఉల్లిగడ్డ వేశాడు.

మళ్ళీ బాపట్ల

అరుగు మీద డ్రమ్మరు గురించి అడిగారు. ఊళ్ళో లేడని చెప్పాను. ఒక విధంగా నిజమే.

జూన్‌లో, మాకూ తొలకరి పడిన వారానికి పార్సిలొచ్చింది. అచ్చయిన కాగితంతో నిజమైన క్యాసెట్టు, పది పాటలు. సాయంత్రం గ్రంథాలయం అరుగు మీదే పెట్టాను. మాస్టారు ముందు వరసలో కూర్చున్నారు. పదో పాట కుంటి తాళంతో మొదలైంది, గిటారు దాని మీద ఎగిరి దూకింది. అంతలో, సాంచె మోతలో ఎవరూ పోల్చుకోలేనట్టుగా నా గొంతు: ‘ఎడమవైపండీ!’ దానికి నలుగురు సదానందాలు వంత: ‘ఎడమ దిక్కా?’ ‘ఎడమవైపే!’ ‘ఎడమ దిక్కేనట!’ నేను ఇంగ్లండు దాకా వెళ్ళాక అంతా ఒక్కసారి ఆగింది. పానా చప్పుడు. బిందెల మోత. ఊపిరి బిగబట్టినంత సేపు ఏమీ లేదు. ఆ తర్వాత టక టక టక టక, తేడా లేకుండా, ఎడతెగకుండా, రేకుల మీద పడ్డట్టు వాన. దాని మీద సదానందం గొంతు ఎత్తి పాడాడు:

‘పడ్డది పడ్డది తొలి చినుకు, బిందె బయటవెట్టు ఓ అత్తా!’

గ్రంథాలయం గుమాస్తా తలుపులు మూసే వేళయినా మూయలేదు. మాస్టారు మళ్ళీ పెట్టమన్నారు. రెండోసారి నా ఉపన్యాసం వస్తుండగా ముందుకు వంగి, “ఆ అరిచే ఆయన ప్రతీకేనయ్యా, ఇప్పుడు నాకు అర్థమవుతోంది. వానకు అడ్డం నిలబడ్డ పాతలోకం! ఆయన నోరు మూస్తేగాని చినుకు పడదు, చూశావా? ఎవరతను?” అన్నారు.

క్యాసెట్టు కాగితం నా చేతిలో ఉంది. వెనకవైపు చిన్న అక్షరాల్లో ‘తాళం: కొమురయ్య మామ సాంచె. ముచ్చట: బాపట్ల సారు’ అని వేశారు. దాని మీద బొటనవేలు పెట్టుకున్నాను. చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది: నాడె, తోలుపట్టీ, ఆరో బీరువా. కానీ టేపులో అప్పుడే సాంచె ఆగింది, వాన పడబోతోంది. నేను పెదవుల మీద వేలు పెట్టి మాస్టారికి సైగ చేశాను. సదానందం నాకు అప్పజెప్పిన పని ఆ సాయంత్రం సరిగ్గా చేశాను. పాట అయ్యేదాకా ఎవరూ మాట్లాడలేదు, నాతో సహా.